స్తామెన్ బేస్

మార్చి 11

నా బేసు మోత బాగాలేదట.

ఇన్నేళ్లు ఒకే వ్యానులో మోకాళ్లు రాసుకుంటూ పెళ్లిళ్లకు తిరిగాక ఇవాళ తట్టింది జెల్యోకి. రిహార్సల్ అయిపోయి నేను బేసు గిటారు పెట్టెలో పెట్టుకుంటున్నాను. అతను క్లారినెట్టు విప్పి గుడ్డతో తుడుచుకుంటూ, నా మొహం కేసి చూడకుండా చెప్పాడు.

"బావా, ఏమీ అనుకోకు. హాల్లో నీ బేసు గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టుంది. ధుమ్ ధుమ్మంటోందే గానీ ఏ స్వరమో తెలీట్లేదు."

"స్వరం తెలియాలంటే చెవులుండాలి బావా," అన్నాను.

"నాకున్నాయి. పెళ్లివాళ్లకి లేవు. ఏం చేస్తాం, పిలిచేది వాళ్లేగా."

అందరూ నవ్వారు. డ్రమ్ముల పేన్కో కూడా నవ్వాడు. వాడు కర్ర పట్టడం నేర్చుకున్నది నా వెనక నిలబడే. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. భార్య అన్నయ్యే బ్యాండు నాయకుడైతే మొగుడికి ఇంట్లోనూ నోరు లేవదు, బయటా లేవదు.

మా అమ్మాయి రదీనా పెళ్లి సెప్టెంబరులో. అబ్బాయి కలోయన్ వాళ్లు ఒప్పుకున్నారు. అది పెళ్లి జెండా పట్టుకుని, చేతులు కలిపి గొలుసుగా సాగే మొదటి హోరో ఆడేటప్పుడు దాని అడుగుల కింద నా బేసే మోగాలి. చిన్నప్పుడు దాన్ని నా బూట్ల మీద నిలబెట్టుకుని ఆడించేటప్పుడే మాటిచ్చాను. పెళ్లికూతురి తండ్రి వాయించకూడదంటారు, అతిథుల దగ్గర నిలబడి గ్లాసులు నింపాలంటారు. అననీ. ఈ పర్వొమాయ్ చుట్టుపక్కల సగం మంది పెళ్లికూతుళ్లను ఆడించినవాణ్ని, నా కూతుర్ని ఇంకొకడి చేతికి వదిలేస్తానా?

కాబట్టి మోత బాగుచేసుకోవాలి. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు.

మార్చి 12

బాధేమీ లేదు.

మార్చి 15

ప్లోవ్‌దివ్ వెళ్లి గిటార్ల దుకాణంలో సగం రోజు కూర్చున్నాను. గోడ నిండా బేసులు, పెళ్లిచూపులకు ముస్తాబు చేసి నిలబెట్టినట్టు. జుట్టు ముడేసుకున్న దుకాణం మనిషి ముందు ఐదు తీగలది ఒకటి చేతిలో పెట్టాడు. లోపల బ్యాటరీ, మెడ రొట్టెల పీటంత వెడల్పు. తీగ మీద ఊదినా మోగుతుంది. గట్టిగా మీటినా మెల్లిగా మీటినా ఒకటే మర్యాద.

"ఇందులో ప్రతి స్వరం సమానంగా పలుకుతుందండీ," అన్నాడు గొప్పగా.

"నా పెళ్లాం కోపంలో ఒకలాగా, ప్రేమలో ఒకలాగా పలుకుతుంది. అలాంటిది ఉంటే చూపించు," అన్నాను.

రెండోదాని స్వరం టక్కున పుట్టి అక్కడికక్కడే చచ్చిపోయింది. మూడోది బూడిద రంగుది, బరువు కర్రతో చేసింది, గొంతు మాత్రం బంగారం. పట్టీ మెడలో వేసుకుని నిలబడ్డాను. దాని తలవైపు నేలకు వాలిపోతోంది. ఎడమ చెయ్యి దాన్ని మొయ్యాలా, మెట్లు నొక్కాలా? తెల్లారేదాకా నడిచే పెళ్లికి అది పనికిరాదు.

నాది చెక్ దేశపు పాత బేసు. సైన్యం బ్యాండులో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నాను. లేత కర్ర, సన్నటి మెడ. మెడ వెనక రంగు ఊడిపోయి నా అరచెయ్యి ఎంతమేర తిరిగిందో అంతమేర నున్నగా ఉంటుంది. నిద్రలో అందించినా ఏ మెట్టు ఎక్కడుందో చేతికి తెలుసు. కొత్తది తెచ్చుకోను, దీన్నే మారుస్తాను. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను.

"నిన్ను చేసుకున్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను," అంది దోన్కా మిరపకాయలు కాలుస్తూ.

మార్చి 24

గరుకు తీగలు తీసేసి నున్నటివి వేశాను. గరుకు తీగల మీద వేలు జరిగితే సర్రుమని గోకిన చప్పుడు వస్తుంది. నున్నటివి అలా కాదు, వేలికి పట్టులా ఉంటాయి, స్వరం గుండ్రంగా దొర్లుకుంటూ వస్తుంది. నాకు చాలా నచ్చింది.

జెల్యో విన్నాడు. "దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది బావా," అన్నాడు.

సరే. దుప్పటి తీద్దాం.

ఏప్రిల్ 3

బేసు పొట్ట విప్పాను. లోపల తీగలు ఎలుకలు కాపురమున్నట్టు చిక్కుపడి ఉన్నాయి. అన్నీ పీకి కొత్తగా అతికాను. గుంట లోపలంతా రాగి రేకు పరిచాను. ఇన్నేళ్లుగా వెనకాల ఈగలా రొద పెడుతుండేది, ఆ రొద పోయింది. పాతబడ్డ కెపాసిటర్ మార్చాను. ఇప్పుడు మీటితే అద్దం తుడిచినట్టుంది.

రిహార్సల్లో జెల్యో తల గోక్కున్నాడు. "ఇప్పుడు మరీ బయటికి వస్తోంది. నా క్లారినెట్టు మీదికెక్కుతోంది. మొన్నటిదే నయం."

మొన్నటిది దుప్పటి, అంతకు ముందుది గోనెసంచి. మనిషి చెవి వయసుతో మారుతుంది. అతనికి అరవై దాటాయి. పోనీలే పాపం అనుకున్నాను.

కీబోర్డు వాయించే వెంత్సీ శీతాకాలంలో వచ్చి చేరాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా ఇంకా గేమ్‌ల పిచ్చి. కుడి చేత్తో పాట వాయిస్తూ ఎడమ చేత్తో కింది స్వరాలు నొక్కుతుంటాడు. ఇవాళ చెప్పాను, "కింది వాటా నాది నాయనా, నువ్వు మేడ మీద కాపురం చేసుకో," అని.

"అలవాటు మాస్టారూ, క్షమించండి," అన్నాడు. మంచివాడే. కానీ పాట మొదలుకాగానే ఆ చెయ్యి మళ్లీ కిందికి దిగింది.

ఏప్రిల్ 20

ఆసెనోవ్‌గ్రాద్‌లో మిల్కా అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో రాగి తీగ చుట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో కుట్టుమిషను మోటారు పెట్టుకుని గిటార్లకు పికప్‌లు చుడుతోంది. తీగ ఊగితే దాన్ని కరెంటుగా మార్చి స్పీకరుకు పంపే ముక్క అది. మోతంతా అక్కడే పుడుతుంది.

"ఏం కావాలిరా నీకు?"

"పొట్టలో తగలాలక్కా. కానీ ఏ స్వరమో విడిగా తెలియాలి."

"అంటే పెళ్లాం కావాలి, సణగకూడదు." నోట్లో సిగరెట్టు తియ్యకుండానే మాట్లాడింది. "చుట్లు ఎక్కువ వేస్తే ఒళ్లొస్తుంది, మాట ముద్దవుతుంది. తక్కువ వేస్తే మాట తేటపడుతుంది, ఒళ్లు పోతుంది. ఏది కావాలో చెప్పు."

"రెండూ కావాలి."

"అలాగైతే చోటు మార్చుకో. పికప్‌ని బ్రిడ్జి వైపు, తీగలు కింద బిగించే చోటికి, జరుపు. అక్కడ తీగ బిగువుగా ఉంటుంది, మాట తేటగా వస్తుంది. చుట్లు నేను పెంచుతా. కర్ర మాత్రం నువ్వే తొలుచుకోవాలి, ఆ పాపం నాకొద్దు."

తీగ చుడుతూ చుడుతూ అడిగింది, "ఇంతకీ నీ మోత బాగాలేదన్నదెవడు?"

"మా బావ."

"క్లారినెట్టు వాడా? వాడికి తన గొంతు తప్ప ఇంకోటి వినిపించిందా జన్మలో?" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "ఒరేయ్ స్తామెన్, వాడు మోత గురించే మాట్లాడుతున్నాడనుకుంటున్నావా?" అంది.

"మరింక దేని గురించి?"

పికప్ నా చేతిలో పెట్టి, మిగిలిన తీగ కత్తిరించి, "వెళ్లు, చీకటి పడుతోంది," అంది. ఆవిడ మాటలు ఎప్పుడూ సగం పొగలోనే పోతాయి.

ఏప్రిల్ 22

ఉలి పెట్టాను. ఇన్నేళ్లు గీత పడకుండా చూసుకున్న కర్ర. మొదటి దెబ్బకు నా పళ్లు జివ్వుమన్నాయి. తర్వాత అలవాటైపోయింది.

మే 6

సెయింట్ జార్జి పండగ. గొర్రెపిల్ల, వాన. బావ ఇంట్లో భోజనం. మోత గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను రెండుసార్లు ఎత్తాను, ఇద్దరు ముగ్గురు ఉప్పు అందించమన్నారు.

మే 19

మెడ చివర తీగలు ఆనే ప్లాస్టిక్ ముక్క తీసేసి ఎముకది పెట్టాలనుకున్నాను. ఎముక గట్టిది, తీగ ఊపును మింగదు. దోన్కా సూపుకు తెచ్చిన ఎద్దు ఎముక గిన్నెలోంచి తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆకురాయితో అరగదీశాను.

"కట్టుకున్నదానితో సూపులో ఎముక కోసం పోట్లాడే మొగుణ్ని నిన్నే చూశాను," అంది.

ఆవిడ గిన్నెలు తోమే స్పాంజిలోంచి కూడా ఒక పేలిక కత్తిరించి బ్రిడ్జి దగ్గర తీగల కింద దోపాను. దాంతో స్వరం సాగదు. పుట్టి, చెప్పాల్సింది చెప్పి, తర్వాతి దానికి దారిస్తుంది. మన తాళాలకు అదే కావాలి. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఆడేవాళ్లకు అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియదు. స్పాంజి సంగతి దోన్కాకి చెప్పలేదు.

జూన్ 9

వచ్చింది!

నిన్న కొండ కింది ఊళ్లో పెళ్లి. ఆరుబయట, వాల్‌నట్ చెట్ల మధ్య బల్లలు. మొదటి హోరోకి తీగ మీటగానే నా పక్కటెముకలకు తెలిసింది. తక తక తకిట, తక తక తకిట. ఒక్కో స్వరం గుండ్రటి రాయిలా పడుతోంది, పడ్డచోట నిలబడుతోంది. గొలుసు కట్టి ఆడుతున్నవాళ్ల వీపులు నిటారుగా అయ్యాయి. కుర్చీల్లో కూర్చున్న ముసలమ్మలు లేచారు. నేను ఏమీ చెయ్యట్లేదు, చెయ్యి దానంతటది పోతోంది. ఇంత సంతోషం నాకు మళ్లీ వస్తుందనుకోలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

విరామంలో జెల్యో వచ్చి రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకున్నాడు.

"ఇది బావా! ఇదీ బేసంటే! దీన్ని ఇలాగే పట్టుకోవాలి, జారిపోనివ్వకూడదు. వెంత్సీ, విన్నావా?"

"విన్నానండీ. దీన్ని రికార్డు చేద్దాం," అన్నాడు వెంత్సీ.

"సీడీ వేస్తున్నాం బావా. నీ స్వరాలన్నీ విడివిడిగా కావాలి, అప్పుడు కలపడం తేలికట," అన్నాడు జెల్యో.

చూశావా మిల్కా అక్కా. మోత గురించే మాట్లాడాడు.

జూన్ 17

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంత్సీ ఇంట్లో. కిటికీకి పరుపులు అడ్డం పెట్టాడు, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపేశాడు. నేను తీగ మీద తీగ, మెట్టు మీద మెట్టు, ఒక్కో స్వరం మీటాను. మెల్లిగా ఒకసారి, మధ్యరకంగా ఒకసారి, గట్టిగా ఒకసారి. పొడుగ్గా వదిలి, కత్తిరించి, జారుతూ కూడా. ప్రతిదాని తర్వాత ఊపిరి బిగబట్టి నిశ్శబ్దం అయ్యేదాకా ఆగాలి. అతను చెవులకు డబ్బాలు పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు.

మూడో తీగ మీద ఒక స్వరం కాస్త గరగరలాడింది.

"ఫర్వాలేదు మాస్టారూ, ఎవరికీ తెలీదు," అన్నాడు.

"నాకు తెలుస్తుంది," అని మళ్లీ మీటాను. అది సరిగ్గా వచ్చేదాకా మీటుతూనే ఉన్నాను.

నా జీవితంలో ఎవరూ నన్ను అంతసేపు వినలేదు. పెళ్లిళ్లలో క్లారినెట్టును వింటారు, పాటగత్తెను చూస్తారు. బేసు వాడు ఆగిపోతే తప్ప వాడున్న సంగతే తెలియదు. ఇవాళ ఒక మనిషి నా ఒక్కో స్వరాన్ని గుడ్డులా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వాళ్లావిడ చెర్రీల రొట్టె పెట్టింది. ఇంటికొస్తూ బస్సులో ఈల వేసుకున్నాను.

జూన్ 30

ఈ శనివారం పెళ్లి రద్దయిందట. పెళ్లికొడుకు తాత పోయాడని జెల్యో ఫోన్ చేశాడు.

జూలై 8

ఈ శనివారం చిన్న పెళ్లట. బేసు అక్కర్లేదట.

జూలై 15

ఎండలు. ఎండల్లో ఎవరు పెళ్లి చేసుకుంటారు?

జూలై 16

ఫోన్ పనిచేస్తోందో లేదో చూద్దామని మిల్కా అక్కకు చేశాను. పనిచేస్తోంది.

జూలై 23

రోజూ సాధన చేస్తున్నాను. సెప్టెంబరుకి చెయ్యి వాడిగా ఉండాలి. రదీనా వచ్చి పెళ్లి బట్టల బొమ్మలు చూపించింది. "నాన్నా, మావయ్యతో అంతా మాట్లాడావు కదా?" అంది. మాట్లాడాను అన్నాను. మాట్లాడలేదు. మాట్లాడేదేముంది, మా బ్యాండే కదా.

జూలై 28



టమాటాలు కొందామని సైకిలు మీద స్టేషను అవతలికి వెళ్లాను. కొనుక్కుని వస్తుంటే పక్క వీధిలో ఎవరిదో పెళ్లి, రోడ్డుకు అడ్డంగా బల్లలు వేశారు. దూరం నుంచే జెల్యో క్లారినెట్టు వినిపించింది. సరే, చిన్న పెళ్లి అనుకున్నాను. ఇంకాస్త దగ్గరికి వెళ్లాక బేసు వినిపించింది.

నా బేసు.

దానికి దగ్గరగా ఉన్నది కాదు, అచ్చంగా నాదే. స్వరానికి ముందు నా చూపుడువేలు తీగ మీద ఆనేటప్పుడు పుట్టే చిన్న రాపిడి కూడా ఉంది. ఎవడో ఇంట్లో దూరి నా గిటారు ఎత్తుకొచ్చి వాయిస్తున్నాడనుకున్నాను. సైకిలు వెనక్కి తిప్పి తొక్కుకుంటూ, సంచిలో టమాటాలు చితికి తొడ మీద కారుతుంటే ఇంటికొచ్చి పడ్డాను. బూట్లతోనే గదిలోకి పోయి పెట్టె తెరిచాను.

ఉంది. చల్లగా పడుకుని ఉంది.

దాన్ని చూస్తూ నేల మీద కూర్చున్నాను. దోన్కా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమైందని అడగలేదు. అప్పుడు తెలిసింది, ఆవిడకు ముందే తెలుసని.

"నీతో ఎలా చెప్పాలో అన్నయ్యకి తెలీలేదు," అంది. "నాకూ తెలీలేదు."

జూలై 29

వెళ్లాను. జెల్యో పెరట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుని ఉన్నాడు. వెంత్సీ కూడా ఉన్నాడు, కీబోర్డు బల్ల మీద పెట్టుకుని. దాక్కోలేదు కూడా.

"కూర్చో బావా," అన్నాడు జెల్యో, గ్లాసులో రాకియా సారా పోస్తూ. "నీదంటే రాజయోగం. కాళ్లు చాపుకుని ఇంట్లో కూర్చున్నా పెళ్లిళ్లలో మోగుతున్నావు."

"రాజుని అడిగారా?"

"అడగలేదా? రోజంతా కూర్చుని మీటింది ఎవరు? నీ మెడ మీద కత్తి పెట్టామా?"

"సీడీకన్నావు."

"సీడీలోనూ వస్తుంది." గ్లాసు పక్కన పెట్టాడు. ఈసారి నా మొహంలోకే చూశాడు. "బావా, ఇప్పుడెవరూ ఐదుగురిని పిలవట్లేదు. ఒక కారులో పట్టేంతమందే రావాలంటున్నారు. ఎవర్ని దింపను చెప్పు? క్లారినెట్టునా? శీతాకాలం నుంచీ చూస్తున్నాను, వీడి కీబోర్డు పెట్టెలో ఉన్న బేసు డబ్బా కొట్టినట్టుండేది, పెళ్లివాళ్లు ఒప్పుకోలేదు. నీ బేసుని దింపలేక నిన్ను దింపాను. కోప్పడితే కోప్పడు."

గోనెసంచి, దుప్పటి, అన్నీ అబద్ధాలే. నేనే వదిలేసి పోతానని చూశాడు. నేను పోకుండా బాగుచేసుకుంటూ కూర్చున్నాను. వాళ్లకు ఎంత బాగా కావాలో అంత బాగా చేసి, చేతులారా అందించాను.

వెంత్సీ కీబోర్డు నా వైపు తిప్పాడు. "మాస్టారూ, ఆ రోజు మీటిన స్వరాలన్నీ ఇందులోకి ఎక్కించాను, ఎడమ చేత్తో నొక్కితే మీ బేసే పలుకుతుంది. పేరు మీదే పెట్టాను. చూడండి." చిన్న తెర మీద నీలం అక్షరాల్లో ఉంది, స్తామెన్ బేస్ అని. "హస్కోవో బ్యాండు వాళ్లు అడిగితే ఇచ్చాను. స్తారా జాగోరా వాళ్లూ తీసుకున్నారు. మీ మోత లాంటిది దేశంలో ఇంకోటి లేదంటున్నారు."

అతని కళ్లలో గర్వం ఉంది. నన్ను చూసుకుని గర్వపడుతున్నాడు. వెధవ అయితే కొట్టేవాణ్ని.

"రదీనా పెళ్లికి నేనే వాయిస్తాను," అన్నాను.

"అయ్యో బావా, దానికి అడగాలా?" అన్నాడు జెల్యో. "నీ కూతురి పెళ్లి. వీడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. మేనమామగా మాటిస్తున్నాను."

ఆగస్టు 2

వేరే బ్యాండును పిలుస్తానన్నాను. "మేనమామ బతికుండగా పరాయివాళ్ల బ్యాండా? ఊరు ఉమ్మేస్తుంది," అంది దోన్కా. నిజమే. పైగా ఏ బ్యాండును పిలిచినా అందులోనూ నేనే ఉండొచ్చు.

ఆగస్టు 11

సాధన చేద్దామని కూర్చున్నాను. తీగ మీటగానే ఆ వీధి గుర్తొచ్చింది. ఇప్పుడు నేనేం వాయించినా ఆ పెట్టెలా ఉంటుంది. పెళ్లిలో అతిథులు తేడా కనుక్కోలేరు. "అచ్చం వెంత్సీ బేసులాగే ఉందే," అంటారు. నా మోతను నేనే కాపీ కొట్టినట్టుంటుంది.

ఆగస్టు 12

పెట్టెలో లేని మోత నా దగ్గర ఉండాలి.

ఆగస్టు 14

మెట్లు పీకేశాను.

టంకం వేసే కడ్డీతో ఒక్కో ఇత్తడి మెట్టునూ వేడి చేసి, పటకారుతో మెల్లిగా లేపాను. మెడ మీద ఖాళీ గాట్లు మిగిలాయి. వాటిలో పల్చటి చెక్క పేళ్లు దోపి, జిగురు పెట్టి, నున్నగా తీసి నూనె రాశాను. మిల్కా పికప్ కూడా ఊడదీసి పాతది పెట్టాను, మెడ దగ్గర. స్పాంజి తీసేశాను. ఇప్పుడు వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం. ఏడ్చే మనిషి గొంతులా సాగుతుంది. ఇది ఏ పెట్టెలోనూ లేదు.

మిల్కా అక్కకు ఫోన్లో చెప్పాను. 

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నావు కదరా," అంది.

"మెట్లు లేకుండా వాయించేవాళ్లు లేరా అక్కా?"

"ఉన్నారు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లు. కూర్చుని, నెమ్మదిగా వాయించేవాళ్లు. నువ్వు వాయించేది గంతులేసే పెళ్లిలో."

చెవి ఉంటే చాలు. నాకు చెవి ఉంది.

ఆగస్టు 27

నెమ్మది పాటలు వచ్చేస్తున్నాయి. వేగంగా పోయేవి ఇంకొంచెం రావాలి.

సెప్టెంబరు 8

వస్తాయి.

సెప్టెంబరు 17

నిన్న పెళ్లయింది. ఇల్లంతా పూలు, ఎంగిలి గ్లాసులు. దోన్కా నిద్రపోతోంది. రాసేస్తే పోతుందేమోనని రాస్తున్నాను.

చర్చి నుంచి వచ్చాక ఊరి మధ్య చౌకులో హోరో. మొదటి హోరోలో పెళ్లికూతురు అడుగు తడబడితే కాపురం తడబడుతుందని ముసలమ్మలు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు. రదీనా ఆపిల్ గుచ్చిన పెళ్లి జెండా పట్టుకుని ముందు నిలబడింది. వెనక కలోయన్, వాళ్లమ్మ, తర్వాత ఊరంతా. వెంత్సీ ఎడమ చెయ్యి నిజంగానే జేబులో పెట్టుకున్నాడు. జెల్యో నా వైపు తల ఊపాడు. మొదలుపెట్టాను.

నిలబడి, ఎండలో, చెమట కారుతుంటే, ఆ వేగంలో నా వేలు ఆ చోటుకు ఒక నూలు అటో ఇటో పడింది. గదిలో తెలియని తేడా స్పీకర్లలో చౌకంతా తెలిసింది. అంతకంటే ఘోరం ఇంకోటి, స్వరానికి అంచు లేదు. మెట్టు ఉంటే టక్కుమని పుడుతుంది, ఆడేవాడి మడమ దాని మీద పడుతుంది. నాది మూలుగుతూ వచ్చి మూలుగుతూ పోతోంది. తక తక తకిట ఎక్కడా కనిపించలేదు. పేన్కో డ్రమ్ము గట్టిగా కొట్టాడు. జెల్యో కూడా, పాపం, క్లారినెట్టు కాస్త జార్చి నా స్వరానికి తన స్వరం కలపాలని చూశాడు. గొలుసు సాగింది, ముడుచుకుంది, ఎవరో నవ్వారు. రెండో చుట్టులో రదీనా అడుగు తప్పింది. ముసలమ్మలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

రదీనా గొలుసు వదలకుండానే దాన్ని నా వైపు నడిపించుకొచ్చింది. అతిథుల కోసం నవ్వుతూనే ఉంది. చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, అడుగు దొరకట్లేదు. వెంత్సీని నీ బేసు పెట్టమను."

"మరి ఇదేంటమ్మా?" అన్నాను, వాయిస్తూనే.

"ఇది కాదు నాన్నా. నీది."

దాని కళ్లలో వేళాకోళం లేదు. పెళ్లి రోజు పిల్ల తండ్రిని అడిగే మాటే అడిగింది, నువ్వు వాయించు అని. జెల్యో వైపు చూశాను. జన్మలో మొదటిసారి అతని దగ్గర ఒక్క పరాచికమూ లేదు, బూట్లు చూసుకుంటున్నాడు. నేను చెయ్యి ఆపాను. పట్టీ తల మీద నుంచి తీసి బేసును కుర్చీకి ఆనించాను. వెంత్సీ జేబులోంచి చెయ్యి తీశాడు.

మొదటి స్వరం పడగానే చౌకు మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడినట్టయింది. జూన్‌లో వాల్‌నట్ చెట్ల కింద లేచినట్టే. రదీనా నా చెయ్యి పట్టుకుని లాగింది, కలోయన్‌ను జరిపి తన పక్కన నిలబెట్టుకుంది. ఆడాను. మూడు చుట్లో నాలుగు చుట్లో తెలియదు. దాని చెయ్యి వేడిగా ఉంది, నా చేతిలో గట్టిగా బిగుసుకుంది. దాని అడుగు మళ్లీ ఎక్కడా తప్పలేదు, నాదీ తప్పలేదు.

మలుపు తిరిగేటప్పుడు నా భుజం మీద తల ఆనించి, ఊపిరి అందక నవ్వుతూ అంది:

"చూశావా నాన్నా, ఎంత బాగా వాయిస్తున్నావో!"

అవునమ్మా, అన్నాను.